దియా దె ముయెర్తోస్‌కి ఇంటి ముందు తోట అలంకరించాలి, ఎలా మొదలుపెట్టాలో చెప్పండి (గ్వాదలహారా)

మామిడిచెట్టు_నీడ

అందరికీ నమస్తే అండి. మేము మెక్సికోలో గ్వాదలహారా పక్కన సపోపాన్‌లో ఉంటున్నాం, మావారి ఉద్యోగం వల్ల వచ్చాం. మా వీధిలో ప్రతి ఏడూ దియా దె ముయెర్తోస్‌కి, అంటే పోయినవాళ్ళని తలుచుకునే పండగకి, నవంబర్ 1, 2 తారీఖుల్లో అందరూ ఇంటి ముందు తోటలు అలంకరించి గేట్లు తీసి పెడతారు, ఎవరైనా లోపలికెళ్ళి చూసి రావచ్చు, రొట్టె ముక్క, వేడి చాక్లెట్ ఇస్తారు. ఇన్నాళ్ళూ మేము చూసి రావడమే గానీ మా ఇంటి ముందు ఏమీ పెట్టలేదు. ఈసారి పెట్టాలని గట్టిగా ఉంది. మా పక్కింటి పెద్దాయన ఈమధ్యే పోయారు, మేం కొత్తగా వచ్చినప్పుడు మేం ఊరెళ్తే మా మొక్కలకి నీళ్ళు పోసిందీ, ఏ చెట్టు కొమ్మ ఎప్పుడు కొట్టాలో చెప్పిందీ ఆయనే. వాళ్ళావిడ నాకు ఓపిక లేదమ్మా ఈసారి ఏమీ చేయను అంటున్నారు, అది విన్నప్పటి నుంచి మనసు ఊరుకోవట్లేదు. మా నాన్న కూడా లేరిప్పుడు, ఆయన ఫోటో కూడా పెట్టుకోవాలని ఉంది, మనవాళ్ళం అలా పెట్టొచ్చో లేదో తెలీదు.

స్థలం సంగతి చెప్తాను. గేటు నుంచి వరండా దాకా ఆరు మీటర్ల సిమెంటు దారి, ఎడమ పక్క గోడ మీద బోగన్‌విలియా, కుడి పక్క చిన్న లాన్, మధ్యలో ఒక జామ చెట్టు. వరండా కప్పు కొంచెం ముందుకి ఉంటుంది కాబట్టి అక్కడ వాన పడదు. ఇప్పుడు ఆగస్టు మొదటి వారం కదా, బంతి విత్తనాలు ఇప్పుడు వేస్తే అందుతాయా లేక అప్పటికప్పుడు కొనుక్కోవడమే మేలా? పూరేకులతో దారి వేస్తారు కదా అది గాలికి ఎగిరిపోదా? ఆ కోసిన కాగితం తోరణాలు వానకి తడిస్తే ఏం చేస్తారు? ఇంట్లో ఒక కుక్క, ఐదేళ్ళ పాప ఉన్నారు, కొవ్వొత్తుల భయం కూడా ఉంది. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి ప్లీజ్.

పుయెబ్లా_కోడలు

మీరు అడిగిన పద్ధతి చాలా నచ్చిందండి, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నా. మా అత్తగారిది పుయెబ్లా రాష్ట్రంలో అత్లిస్కో దగ్గర ఊరు, ఆ చుట్టుపక్కల పొలాలన్నీ అక్టోబర్ వచ్చేసరికి బంతి పూలే, దేశంలో అన్నిటికంటే ఎక్కువ సెంపసూచిల్ (బంతికి ఇక్కడి పేరు) పండేది ఆ రాష్ట్రంలోనే.

ముందు ఫోటో సంగతి. పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు, సంతోషిస్తారు కూడా. కానీ ఫోటోలో బతికున్నవాళ్ళు ఎవరూ ఉండకూడదు, ఈ ఒక్కటి మా అత్తగారు చాలా పట్టించుకుంటారు, పెళ్ళి ఫోటోలో నుంచి నాన్నగారిని విడిగా తీసి ప్రింట్ వేయించుకోండి. పక్కింటాయన ఫోటో మాత్రం వాళ్ళావిడని అడిగి ఆవిడ చేత్తోనే ఇప్పించుకోండి, ఆవిడ ఇష్టపడితే ఆవిడనే ముందు కొవ్వొత్తి వెలిగించమనండి. మా వైపు వాకెచూలా అనే ఊళ్ళో ఆ ఏడాది మనిషి పోయిన ఇంట్లో తెల్లటి శాటిన్ గుడ్డతో ఇంటి కప్పు దాకా అంతస్తులు అంతస్తులుగా పెద్ద ఒఫ్రెండా (పోయినవాళ్ళ ఫోటోలు, వాళ్ళకిష్టమైనవి పెట్టే పీఠం) కడతారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా కొవ్వొత్తి పట్టుకుని లోపలికొస్తారు, ఇంటివాళ్ళు వాళ్ళకి భోజనం పెట్టి పంపుతారు. దుఃఖంలో ఉన్న ఇల్లు ఒంటరిగా ఉండకుండా ఊరంతా వచ్చి పోతుంటుంది. మీరు చేయబోయేది కూడా దాదాపు అదే పని, కాబట్టి మొహమాటపడకండి.

ఇప్పుడు తోట. అన్నిటికంటే ముందు ఒఫ్రెండా ఎక్కడో తేల్చుకోండి, మీకైతే వరండాలోనే, వాన పడదు కదా. మిగతా అలంకరణ అంతా గేటు దగ్గర మొదలై దాని దగ్గరికి చేరాలి. పోయినవాళ్ళు బంతి వాసన, రంగు పట్టుకుని ఇంటికి వస్తారని ఇక్కడి నమ్మకం, అందుకని పూరేకుల దారి గేటు బయట నుంచే మొదలవ్వాలి, మధ్యలో తెగిపోకూడదు. చాలామంది లాన్ నిండా ఏవేవో పెట్టేసి దారి మర్చిపోతారు, నాకైతే దారి లేని అలంకరణ చూస్తే ఏదో వెలితిగా ఉంటుంది.

గాలికి ఎగరకుండా ఉండాలంటే సాయంత్రం ఎండ తగ్గాక వేయండి, సిమెంటు మీద ముందు నీళ్ళు చల్లి తడి మీద రేకులు పరిస్తే అతుక్కుంటాయి, పైన కూడా స్ప్రే బాటిల్‌తో కొంచెం తుంపర కొట్టండి. రెండు అంచుల వెంట గులకరాళ్ళు గానీ చిన్న కుండీలు గానీ వరసగా పెడితే గాలికి అడ్డం ఉంటుంది. 1వ తారీఖున వేసినవి 2 మధ్యాహ్నానికి నల్లబడి వాడిపోతాయి, కాబట్టి పూలు సగం దాచుకుని రెండో రోజు పైన మళ్ళీ పరవండి. 1వ తారీఖు పిల్లల రోజు, 2 పెద్దల రోజు అని పాటిస్తారు. చిన్నపిల్లల కోసం పెట్టేవాళ్ళు తెల్ల పూలు ఎక్కువ వాడతారు.

ఒఫ్రెండాకి బజార్లో పళ్ళొచ్చే చెక్క పెట్టెలు తెచ్చి బోర్లించి మెట్లలా పేర్చుకోండి, రెండు మెట్లయినా చాలు, ఏడు కట్టేవాళ్ళూ ఉన్నారు. పైన ఎంబ్రాయిడరీ గుడ్డ పరవండి. పైమెట్టు మీద ఫోటోలు. ఒక గ్లాసు నీళ్ళు తప్పనిసరి, అంత దూరం నడిచొచ్చినవాళ్ళకి దాహం కదా. చిన్న గిన్నెలో ఉప్పు, పాన్ దె ముయెర్తో (ఈ పండగకి చేసే తీపి రొట్టె), కమలాలు, జామకాయలు, చెరకు, వాళ్ళకి ఇష్టమైన వంట. మీ నాన్నగారికి ఏది ఇష్టమో అదే పెట్టండి, పులిహోర అయితే పులిహోర, సిగరెట్ అయితే సిగరెట్, ఇక్కడ టెకీలా సీసా కూడా పెడతారు. పక్కింటాయనకి ఏమిష్టమో వాళ్ళావిడని అడగండి, ఆ అడగడంలోనే ఆవిడ ఎన్నో కబుర్లు చెప్తారు చూడండి. కోపాల్ దొరుకుతుంది బజార్లో, సాంబ్రాణిలా చెట్టు జిగురే, మట్టి ధూపం పాత్రలో నిప్పు కణిక మీద వేయాలి. వెనకాల రెల్లు కర్రలు గానీ చెరకు గడలు గానీ వంచి ఆర్చ్ కట్టి దాని నిండా బంతి గుచ్చితే మొత్తం తోటకి అదే కళ.

మట్టిచేతులు

నేను కెరెతరోలో ఉంటా, మొక్కల సంగతి నేను చెప్తా. మామిడిచెట్టు గారూ, మీరు వెంటనే వేయండి, ఇంకో వారం ఆలస్యం చేయొద్దు. ఇక్కడి రైతులు జూన్ చివర నుంచి జూలైలో విత్తుతారు, అక్టోబర్ ఆఖరి వారంలో కోస్తారు. పొడుగు బంతి విత్తిన దగ్గర్నుంచి పువ్వుకి రెండున్నర మూడు నెలలు పడుతుంది, అంటే మీది సరిగ్గా అంచున ఉంది. కానీ ఒక మంచి విషయం, ఈ పెద్ద బంతి పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లో తొందరగా మొగ్గ కడుతుంది, సెప్టెంబర్ దాటాక మొక్క కాస్త చిన్నదైనా పూస్తుంది. ఇదే కారణంగా ఇంకో జాగ్రత్త, మీ గేటు పక్కన వీధి దీపం రాత్రంతా పడే చోట వేయకండి, అక్కడ మొక్క ఆకులు పెంచుకుంటూ మొగ్గ ఆలస్యం చేస్తుంది. గోడ నీడ రాత్రి చీకటిగా ఉండి పగలు ఎండ తగిలే చోటు చూసుకోండి.

నారు ట్రేలో పోయండి, నాలుగైదు రోజుల్లో మొలకొస్తుంది, మూడు నాలుగు వారాలకి నాటుకోవచ్చు. మామూలుగా అయితే తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి పూలు ఎక్కువ అవుతాయి, కానీ మీకు టైం లేదు కాబట్టి తుంచొద్దు, తుంచితే ఇంకో రెండు వారాలు వెనక్కి పోతుంది. ఎరువు ఎక్కువ వేయకండి, ముఖ్యంగా యూరియా లాంటివి, ఆకు దట్టంగా వచ్చి పువ్వు రాదు. వర్మీకంపోస్ట్ గుప్పెడు చాలు. మీ వైపు అక్టోబర్ మధ్య దాకా వానలు ఉంటాయి, పొడుగు రకం వానకి పడిపోతుంది, ప్రతి మొక్కకీ కర్ర ఊతం కట్టండి, కుండీ అయితే కింద నీళ్ళు నిలవకుండా చూడండి. వానలు ఆగి ఎండ మొదలవగానే ఆకు వెనక ఎర్రనల్లి వస్తుంది, ఆకులు దుమ్ము పట్టినట్టు కనిపిస్తే అదే, నీళ్ళు గట్టిగా కొట్టి కడగండి, సాయంత్రం పూట వేపనూనె పిచికారీ చేయండి.

వివేరోల్లో (మొక్కల నర్సరీల్లో) అక్టోబర్ మధ్య నుంచి కుండీల్లో పొట్టి బంతి వస్తుంది, మెక్సికో సిటీలో అయితే సోచిమిల్కో నుంచి లారీలు లారీలు వస్తాయి. అవి చాలావరకు హైబ్రిడ్, గుండ్రంగా అందంగా ఉంటాయి, దారి అంచులకి అవే బాగుంటాయి. కానీ రేకులకీ ఆర్చ్‌కీ పొడుగు కాడ ఉన్న నాటు రకం మోపులుగా కొనండి, వాసన దానిదే. నా సలహా ఏంటంటే విత్తనం వేసినవి లాన్ అంచున, కొన్నవి దారికి, మోపులు ఆర్చ్‌కి. అంతా విత్తనం మీదే ఆధారపడొద్దు.

బంతి ఒక్కటే అయితే పసుపు ఎక్కువై చప్పగా ఉంటుంది, దాని పక్కన ముదురు ఎరుపు కోడిజుట్టు పూలు కచ్చితంగా ఉండాలి, మన బతుకమ్మలో సీతజడ అని పేరుస్తారే అదే, ఇక్కడ కూడా ఒఫ్రెండాకి ఈ రెండే జంట. మీ బోగన్‌విలియా గులాబీ రంగు అయితే ఇంక వేరే రంగు వెతకనక్కర్లేదు. అన్నట్టు మన బంతి కూడా ఇక్కడి మొక్కే, మెక్సికో నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల కాలంలో మన దేశానికి వచ్చిందని చెప్తారు, అంటే నాన్నగారి ఫోటోకి మీరు వేసే దండ ఇక్కడి వాళ్ళకి ఏమాత్రం కొత్త కాదు.

శాన్_ఆంటోనియో_బాబాయ్

మేము టెక్సస్‌లో ఉన్నా మా కాలనీలో సగం మంది మెక్సికన్ కుటుంబాలే, ఇక్కడా చాలా బాగా చేస్తారు. నేను చెప్పేది వెలుతురు గురించి. రాత్రి ఏడు దాటాక జనం వస్తారు, అప్పుడు ఎంత మంచి పూలైనా కనిపించవు, కాబట్టి జామ చెట్టుకి పసుపు రంగు సీరియల్ లైట్లు చుట్టండి, తెల్లవి వద్దు, ఆస్పత్రిలా ఉంటుంది. దారి పక్కన కొవ్వొత్తుల బదులు కాగితం సంచుల్లో ఇసుక పోసి లోపల బ్యాటరీ దీపాలు పెట్టండి, పాపా కుక్కా తిరిగినా భయం లేదు. నిజం కొవ్వొత్తులు ఒఫ్రెండా మీద మాత్రమే, అదీ పొడుగు గాజు గ్లాసులో వచ్చేవి.

ఇంకా మేము ఇంటి ముందు పెద్ద అస్థిపంజరాలు నాలుగైదు నిలబెడతాం, హలోవీన్‌కి కొన్నవే, వాటికి టోపీలు పెట్టి పూల దండలు వేస్తే రెండు పండగలకీ సరిపోతాయి, పిల్లలు భలే ఇష్టపడతారు.

పుయెబ్లా_కోడలు

బాబాయ్ గారూ లైట్ల మాట వంద శాతం నిజం. అస్థిపంజరాల దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేనండి. ఇక్కడ పుర్రెలు ఉంటాయి, చక్కెరతో చేసినవీ మట్టివీ, కానీ అవి నవ్వుతూ ఉంటాయి, నుదుటి మీద పేర్లు రాసి ఉంటాయి, మనుషుల్ని తలుచుకోవడానికి. హలోవీన్ బొమ్మలు భయపెట్టడానికి చేసినవి, రక్తం కారుతున్నట్టు, సమాధిలోంచి చెయ్యి బయటికొస్తున్నట్టు. భర్త పోయిన ఆవిడ గేటు దాటి లోపలికి వస్తుంటే అలాంటివి ఎదురు రాకూడదు. టెక్సస్‌లో ఎలా ఉన్నా ఈ అమ్మాయి వీధిలో మాత్రం వద్దు. ఈ పండగ 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది కూడా ఆదివాసీ సమాజాలు తమ పెద్దలకి చేసుకునే పండగగానే.

నిలబెట్టే బొమ్మ కావాలంటే కత్రీనా ఒకటి గేటు దగ్గర పెట్టండి. అగ్వాస్‌కాలియెంతెస్‌లో పుట్టిన పొసాదా అనే చిత్రకారుడు 1910 ప్రాంతంలో చెక్కిన పుర్రె అది, పెద్ద టోపీ ఒక్కటే ఉంటుంది, తిండికి లేకపోయినా యూరప్ దొరసానుల్లా తయారయ్యేవాళ్ళ మీద విసురు. 1947లో చిత్రకారుడు దియెగో రివేరా తన కుడ్యచిత్రంలో దానికి నిలువెత్తు గౌను తొడిగాక ఇప్పుడు మనం చూసే రూపం వచ్చింది. అది వీధి బొమ్మ, గేటు దగ్గర అందంగా ఉంటుంది, ఒఫ్రెండా మీదకి మాత్రం తేకండి, అక్కడ మీ మనుషులే ఉండాలి.

శాన్_ఆంటోనియో_బాబాయ్

సరేనమ్మా, మీరు చెప్పిన కోణంలో ఆలోచిస్తే నిజమే, పక్కింట్లో దుఃఖం ఉన్నప్పుడు అది వేరు. లైట్లు మాత్రం మర్చిపోవద్దు.

మామిడిచెట్టు_నీడ

చాలా చాలా థ్యాంక్స్ అండి అందరికీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఈరోజే పక్కింటావిడతో మాట్లాడాను, ఫోటో ఇస్తానన్నారు, ఆయనకి కాఫీ దాల్చినచెక్క వేసి మట్టి కప్పులో తాగడం ఇష్టమట, ఆ కప్పు కూడా తనే తెస్తానన్నారు. బంతి విత్తనాలు కొన్నాను, రేపే నారు పోస్తా. ఇంకా రెండు అడగాలి, కాగితం తోరణాలు వానలో ఎలా, లాన్ మీద ఏం పెట్టాలి? ముగ్గు వేయొచ్చా అని పాప అడుగుతోంది.

త్లాకెపాకె_మట్టికుండ

మేము మీకు దగ్గర్లోనే ఉంటాం అక్కా. పాపెల్ పికాదో, అదే మీరడిగిన కోసిన కాగితం తోరణం, రెండు రకాలు దొరుకుతుంది, పల్చటి టిష్యూ కాగితంది, ప్లాస్టిక్‌ది. టిష్యూది పుయెబ్లాలో సాన్ సాల్వదోర్ విస్కొలోత్లా అనే ఊరివాళ్ళు యాభై కాగితాలు దొంతర పెట్టి చిన్న చిన్న ఉలులతో సుత్తితో కొట్టి కోస్తారు, దగ్గర్నుంచి చూస్తే ఆ పనితనానికి దండం పెట్టాలనిపిస్తుంది. అది వరండా లోపల ఒఫ్రెండా వెనక కట్టండి. తడిస్తే రంగు దిగి గోడ మీదా గుడ్డ మీదా మరక పడుతుంది, అది పోదు. బయట గేటు నుంచి జామ చెట్టుకి, అక్కడ్నుంచి వరండాకి ప్లాస్టిక్‌ది కట్టండి, మనిషి తలకి తగలకుండా పైకి. పక్కా గుర్తుపెట్టుకోండి, కొవ్వొత్తికి ఎగువన ఏ తోరణమూ వేలాడకూడదు, గాలికి ఊగి అంటుకుంటుంది.

ముగ్గు బ్రహ్మాండంగా వేయొచ్చు. ఇక్కడ వాళ్ళు రంగు వేసిన రంపపు పొట్టుతో నేల మీద తివాచీల్లా వేస్తారు, వహాకాలో రంగు ఇసుకతో పుర్రెలూ పూలూ గీస్తారు. పొట్టు వడ్రంగి షాపులో అడిగితే ఇస్తారు, రంగు నీళ్ళలో కలిపి రెండు రోజులు నీడన ఆరబెట్టండి. లాన్ మీద వద్దు, గడ్డి మీద నిలబడదు, ఒఫ్రెండా ముందు నేల మీద వేయండి, పాపనే గీయనివ్వండి. చుక్కల ముగ్గు వేసి మధ్యలో సెంపసూచిల్ రేకులు నింపితే మీ వీధిలో ఎవరి ఇంటి ముందూ లేనిది మీ ఇంటి ముందు ఉంటుంది.

లాన్ మీద ఎక్కువ పెట్టొద్దు. తొనలాలో గురువారం, ఆదివారం సంత జరుగుతుంది కదా, అక్కడ మట్టి కుండీలు, పుర్రెలు, పక్షులు అన్నీ దొరుకుతాయి. ఒక మట్టి కుక్క బొమ్మ కొనండి, పొట్టి కాళ్ళతో బొద్దుగా ఉంటుంది, మన పక్క రాష్ట్రం కొలీమాలో పాత సమాధుల్లో తవ్వితే అలాంటివే దొరికాయి. పోయినవాళ్ళని నది దాటించేది కుక్కే అని ఇక్కడి పాత నమ్మకం, ఆ బొమ్మ జామ చెట్టు కింద దారి వైపు చూస్తూ ఉంటే చాలు. చక్కెర పుర్రెలు మాత్రం బయట పెట్టకండి, రాత్రి మంచుకి కరిగిపోతాయి, చీమలు పట్టేస్తాయి. పాన్ దె ముయెర్తో, చాక్లెట్ మీ కుక్కకి అందని ఎత్తులో ఉండాలి, చాక్లెట్ కుక్కలకి విషం. రాత్రి గేటు వేసే ముందు తినే వస్తువులన్నీ లోపల పెట్టేయండి, లేదంటే త్లాకువాచెలు (ఎలుక మొహంతో పిల్లి అంత ఉండే ఒపోసమ్ జంతువులు) వచ్చి మొత్తం చెల్లాచెదురు చేస్తాయి.

మట్టిచేతులు

ఒక్క మాట కలుపుతా, పండగ అయ్యాక అంతా చెత్తబుట్టలో వేయకండి. ఆర్చ్‌లోని నాటు బంతి తలలు కొన్ని కాగితం సంచిలో వేసి నీడన ఎండబెట్టండి, నల్ల విత్తనాలు బాగా ముదిరినవి ఉంటే వచ్చే జూన్‌కి వాడుకోవచ్చు. కుండీల్లో వచ్చిన హైబ్రిడ్‌ది దాచినా తల్లి మొక్కలా రాదు. రేకులు, ఆకులు కంపోస్ట్‌లో వేయండి, మొక్కల వేర్లు పీకకుండా అక్కడే కోసి వదిలేస్తే మట్టిలో నులిపురుగులు తగ్గుతాయి, శీతాకాలం ఆ చోటే టమాటా వేసుకోవచ్చు. వచ్చే ఏడాది మాత్రం జూలై మొదటి వారంలోనే నారు పోయండి, అప్పుడు తల తుంచడానికి కూడా టైం ఉంటుంది. మొలకలు వచ్చాక ఇక్కడే ఫోటో పెట్టండి, సన్నగా సాగిపోతున్నాయో లేదో చూసి చెప్తా.